ముప్పై ఏళ్లకు ఒక్క రోజు తక్కువ

చనిపోవడానికి ముందురోజు, శనివారం ఉదయం, మా నాన్న నా జపాన్ కారు కడిగించుకొద్దామని బయల్దేరదీశాడు. నన్ను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి తాను వెనక సీట్లోకి ఎక్కాడు. చేతిలో టార్చిలైటు. మార్చి నెల. చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు కారు ఒంటికి తెల్లగా అట్టకట్టి ఉంది. కార్ వాష్‌లోకి వెళ్లగానే అటూ ఇటూ బ్రష్షులు తిరగడం, పైనుంచి నీళ్లు కొట్టడం మొదలయ్యాయి. ఆ మూడు నిమిషాలూ లోకంలో అందరూ ఫోన్లు చూసుకుంటారు. అరవై ఆరేళ్ల మా నాన్న మాత్రం మోకాళ్లు మడిచి, మెడ వంచి, తలుపు సందుల్లోనూ అద్దాల అంచుల్లోనూ టార్చి వేసి వెతుకుతున్నాడు.

"దొరికింది!" అని అరిచాడు.

"ఏంటి నాన్నా?"

"చుక్క. కుడి వెనక తలుపు, పై మూల. అదిగో, ఇంకోటి దిగుతోంది చూడు."

"ఒక్క చుక్కేగా!"

"ఏదైనా ఒక్క చుక్కతోనే మొదలవుతుంది. పోన్లే, మీ జపాన్ వాళ్లు కూడా మనుషులేనన్నమాట. నాకు చాలా సంతోషంగా ఉంది జనీన్."

నిజంగానే సంతోషపడ్డాడు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాడు. ఆపైన కంచె అవతల మంచు గీకుతున్న పక్కింటాయనకు చెప్పాడు. తలుపు రబ్బరు తెప్పించి మంగళవారం మార్చేస్తానని నాకు మాటిచ్చాడు. ఆదివారం పొద్దున లేవలేదు. మంగళవారం మేం ఆయన్ని పూడ్చాం. నాన్న మాట తప్పడం నాకు తెలిసి అదే మొదటిసారి.

మా నాన్న పేరు వెర్నన్ కుజావా. మిషిగన్‌లో మా ఊరి కార్ల ఫ్యాక్టరీలో, నీళ్ల గదిలో పని. బిగింపులన్నీ అయిపోయిన ప్రతి కారునూ ఆ గదిలోకి తోసి నాలుగు వైపుల నుంచీ గాలివానలా నీళ్లు కొట్టేవారు. లోపల ఒక మనిషి టార్చి పట్టుకుని కూర్చునేవాడు. ఎక్కడైనా చుక్క దిగితే బయటికొచ్చి అక్కడ సుద్దముక్కతో గీత గీసేవాడు. గీత పడిన కారు అంగుళం కదలడానికి వీల్లేదు. ఇన్ని దేశాల్లో కార్లమ్మిన మహా సంస్థ, ఇంతమంది ఇంజనీర్లు, చివరికి ఒక మనిషి చొక్కా తడిసిందా లేదా అన్నదాని మీద ఆధారపడి బతికేవారు. ఆ చొక్కా మా నాన్నది. మీ నాన్న ఏం చేస్తాడని ఒకటో తరగతిలో టీచరు అడిగితే, "కార్లో కూర్చుంటాడు" అన్నాను. ఆవిడ మా ఇంటికి చర్చి తరఫున బియ్యం, బీన్సు డబ్బాలు పంపింది.

ఆయన ఉద్యోగంలో చేరాల్సిన రోజు 1976 నవంబరు 15, సోమవారం. చేరిన రోజు నవంబరు 16, మంగళవారం. మా జీవితాలన్నీ ఈ రెండు తేదీల మధ్యే ఇరుక్కున్నాయి.

నవంబరు 15 మా దగ్గర జింకల వేట మొదలయ్యే రోజు. ఆ రోజు బళ్లు తెరవరు, ముహూర్తాలు పెట్టరు. పోయినవాళ్లుంటే వాళ్లు కూడా పదహారో తారీఖు దాకా ఓపిక పడతారు. అలాంటి రోజున పనిలో చేరమని కాగితం పంపిన మహానుభావుడు ఎవరో గానీ, వేరే రాష్ట్రం వాడై ఉంటాడు. పందొమ్మిదేళ్ల మా నాన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వాళ్ల తాతతో అడవికి పోయాడు. జింక కనపడలేదు. జలుబు చేసింది. మర్నాడు ముక్కు తుడుచుకుంటూ ఫ్యాక్టరీకి వెళ్లాడు.

"నిన్న ఎందుకు రాలేదు?" అని అడిగాడట ఫోర్‌మన్.

"కారు చెడిపోయిందండీ."

"ఏ కారు?"

నాన్న చెప్పాడు.

"అంటే మన కారే. కార్ల ఫ్యాక్టరీలో చేరడానికొచ్చి, మా కారు చెడిపోయిందని మాకే చెప్తున్నావు. బుద్ధుందా? అడవికి పోయానని చెప్తే పోలేదూ! నేనూ నిన్న అడవిలోనే ఉన్నా. పో, ఆ నీళ్ల గదిలో కూర్చో. ఎలాగూ జలుబు చేసే ఉంది."

అలా దొరికింది ఉద్యోగం. ఆ విడతలో పదిహేనో తారీఖునే బుద్ధిగా వచ్చి చేరినవాడు ఒక్కడే. ఓటిస్ మేబెరీ. వాళ్ల నాన్న ఆర్కన్సా పత్తి చేల నుంచి మా ఊరికి వచ్చాడు. "మా వాళ్లు వెయ్యి మైళ్లు వచ్చింది పనికోసం, జింకల వెనక పరిగెత్తడానికి కాదు" అనేవాడు ఓటిస్. ఆయన పని తలుపులు బిగించడం. ఆయన బిగించిన తలుపులు నీళ్లకు ఆగాయో లేదో చూడటం మా నాన్న పని.

ఫ్యాక్టరీలో చేరిన తేదీయే మనిషి జాతకం. ఏ షిఫ్టు, ఎప్పుడు సెలవు, తలుపుకి దగ్గరగా కారు పెట్టుకునే చోటు ఎవరిది, అన్నీ వరస ప్రకారమే. జాబితాలో ఓటిస్ పేరు కింద మా నాన్న పేరు. ముప్పై ఏళ్లూ అంతే. "ఒరే వెర్న్, లోకం పుట్టినప్పుడు నేనున్నాను. నువ్వు మర్నాడొచ్చి ఏం జరిగిందిక్కడ అని అడిగావు" అని ఏడిపించేవాడు ఓటిస్. "మొదటిరోజు లోకంలో వెలుతురే లేదంటారు. నువ్వు చీకట్లో తలుపులు బిగించావు కాబోలు, అందుకే కారాయి" అనేవాడు నాన్న.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇద్దరూ ఒక జట్టుగా పేకాడేవారు. మా దగ్గర ఆడేది యూకర్. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జట్టు. జట్టువాడికి ఒక్క మాటైనా అందించకూడదు, కన్ను గీటకూడదు, దగ్గకూడదు. చేతిలో ఏముందో ఎదుటివాడే గ్రహించుకోవాలి. ముప్పై ఏళ్లు అలా ఆడి, మాట్లాడకుండానే ఒకరికొకరు అర్థమైపోతారని ఇద్దరికీ గట్టి నమ్మకం కుదిరింది. పెళ్లాలతో కూడా ఇదే పద్ధతి పాటించేవారని అమ్మ ఫిర్యాదు.

2005లో మా ఫ్యాక్టరీకి నాణ్యతలో దేశంలోనే మొదటి స్థానం వచ్చింది. గేటు మీద పెద్ద బ్యానరు కట్టారు. బిస్కెట్లు పంచారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, ఆ బ్యానరు కిందుగానే నడిచొచ్చి, పెద్ద ఆఫీసు నుంచి దిగిన మేనేజరు మైకు పట్టుకున్నాడు. ఫ్యాక్టరీ మూసేస్తున్నామని అనలేదు. అంత మోటు మాట పెద్దవాళ్ల నోట రాదు. ఈ ఫ్యాక్టరీకి ఇకపై కొత్త మోడల్ కేటాయించడం లేదన్నాడు. మనమంతా ఒక కుటుంబమన్నాడు. ఇది తనకు చాలా కష్టమైన రోజన్నాడు. పాపం, రెండు వేల మంది కలిసి ఆయన్ని ఓదార్చారు. తరవాత పిజ్జాలొచ్చాయి.

ఇంటికొచ్చి నాన్న అమ్మతో, "మొదటి స్థానం రాకుండా ఉండాల్సింది డెలోరిస్. మనం వాళ్ల కళ్లలో పడ్డాం" అన్నాడు.

అసలు సంగతి నోటీసులో ఉంది. ముప్పై ఏళ్ల సర్వీసు నిండినవాళ్లకు పూర్తి పెన్షన్, జీవితాంతం భార్యాభర్తలిద్దరికీ వైద్యబీమా. నిండనివాళ్లకు ఏదో కొంత చేతిలో పెట్టి శుభాకాంక్షలు. అమ్మకు అప్పటికే కిడ్నీలు మొరాయిస్తున్నాయి. నెలకు రెండుసార్లు ఆసుపత్రి. బీమా లేకపోతే ఇల్లు అమ్మినా ఏడాదికి మించి రాదు. కనుక నాన్నకు కావాల్సింది ముప్పై ఏళ్లు. ఫ్యాక్టరీ ఆఖరిరోజు ఎప్పుడా అని వేళ్లతో కాలెండరు తిప్పాడు.

2006 నవంబరు 14.

ఓటిస్‌కు ఆ రోజుతో సరిగ్గా ముప్పై నిండుతాయి. మా నాన్నకు ఒక్క రోజు తక్కువ. ఏనుగంతా దూరి తోక ఇరుక్కుందంటే ఇదే. పద్నాలుగే ఎందుకో మా ఊళ్లో ఎవరూ అడగక్కర్లేదు. పదిహేనున ఎలాగూ ఎవడూ పనికి రాడు, అందరూ అడవిలో ఉంటారు, ఖాళీ ఫ్యాక్టరీకి కరెంటు దండగ. కంపెనీ ముప్పై ఏళ్లకు మా ఆచారం నేర్చుకుంది. నేర్చుకున్న వెంటనే వాడుకుంది.

యూనియన్ ఆఫీసులో పెన్షన్ సంగతులు చూసే మనిషిని పొదుపు కింద ఆర్నెల్ల ముందే ఇంటికి పంపేశారు. ఆ కుర్చీలో ఒక టెలిఫోన్ నంబరు అంటించి ఉంది. నాన్న వంటింట్లో నిలబడి ఆ నంబరు కలిపాడు. ఎవరూ పలికేదాకా నలభై నిమిషాలు ఫోన్లో పియానో విన్నాడు. చివరికి ఎవరో అమ్మాయి పలికింది.

"నాకు ఒక్క రోజు తగ్గుతోందమ్మా. నవంబరు పదహారున చేరాను."

"మీరు చేరిన తేదీ పదహారే సార్. దాన్ని మార్చడం కుదరదు."

"మార్చమనట్లేదు. ఒక్క రోజు నేల ఊడుస్తాను. జీతం కూడా వద్దు."

"జీతం లేకుండా పని చేయించుకోవడం చట్టవిరుద్ధం సార్. మా కంపెనీ అలాంటి పనులు చెయ్యదు."

"మంచి కంపెనీ" అని నాన్న ఫోను పెట్టేశాడు.

ఆ తొమ్మిది నెలలూ ఊరంతా ఆ ఒక్క రోజు గురించే చెప్పుకుంది. "జింక దొరికి ఉంటే కనీసం మాంసమైనా తినేవాడు" అని బార్లో జోకులు. ఓటిస్ మాత్రం పేకముక్కలు పంచుతూ, "ఏదో ఒకటి అవుతుందిలేరా" అనేవాడు. నాన్న తలూపేవాడు. అంతకు మించి వాళ్ల మధ్య ఆ మాట రాలేదు.

ఆఖరిరోజు కుటుంబాలను కూడా రానిచ్చారు. అమ్మా నేనూ నీళ్ల గది పక్క పసుపు గీత అవతల నిలబడ్డాం. చివరి కారు నీలం రంగుది. బానెట్ లోపలి వైపంతా పనివాళ్ల సంతకాలు. దాన్ని అమ్మరు, మ్యూజియంలో పెడతారట. పెద్ద ఆఫీసు మేనేజరు, అదే ఆయన, మెరిసే బూట్లతో వచ్చాడు. వెంట ఫొటోలు తీసేవాళ్లు. మధ్యాహ్నం రెండు గంటలకు కారు నీళ్ల గదిలోకి వచ్చింది. షిఫ్టు రెండున్నరకు ముగుస్తుంది.

నాన్న లోపలికెక్కాడు. నీళ్లు కొట్టారు. ఆపారు. ఆయన దిగలేదు. ఇంకో నిమిషం గడిచాక దిగి, కుడివైపు ముందు తలుపు మీద సుద్దగీత గీశాడు.

"ఏంటది?" అన్నాడు మేనేజరు.

"కారుతోందండీ."

జనం నవ్వారు. మేనేజరు కూడా నవ్వాడు. "వెర్నన్‌గారూ, ఇది ఎవరికీ అమ్మే కారు కాదు. మ్యూజియానికి పోతుంది."

"మ్యూజియం పైకప్పు సంగతి నాకు తెలీదు. తలుపు సంగతి తెలుసు."

ఫోర్‌మన్ వంగి చూశాడు. అప్పటికి ఫోర్‌మన్‌గా ఉన్నది కుర్రవాడు, మంచివాడు. మా నాన్న ఒక్క రోజు సంగతి ఊరందరిలాగే ఆయనకూ తెలుసు. మేనేజరుకు మాత్రం తెలీదు. ఫోర్‌మన్ మేనేజరు వైపు తిరిగి, "నిజమే సార్, చుక్క దిగుతోంది. తలుపు విప్పి మళ్లీ కూర్చోబెట్టాలి. రెండు గంటల పని. షిఫ్టు అయిపోతోంది, ఓవర్‌టైమ్‌కు అనుమతి లేదు. రేపు పొద్దున ఓ నలుగురిని పిలిపిస్తే…" అన్నాడు.

రేపు.

అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే నా ఉంగరం వేలిలో దిగింది. ముప్పై ఏళ్లలో నాన్న ఒక్క అబద్ధపు గీత గీయలేదు. ఆ రోజు గీసింది కూడా అబద్ధం కాదు. దేవుడు తొమ్మిది నెలలుగా మా ప్రార్థనలు వినీ వినీ విసిగి ఒక చుక్క పంపించాడు, అంతే. మేనేజరు గడియారం చూసుకున్నాడు. "సరే, రేపు ఓ నలుగురు…" అనబోయాడు.

"రెండు గంటలా? ఎవడన్నాడ్రా రెండు గంటలని?"

గుంపులోంచి ఓటిస్ వచ్చాడు. చేతిలో రబ్బరు సుత్తి, రెంచి.

"నా తలుపు కారుతుందా? ఇన్ని కెమెరాల ముందు? నా మనవలు రేపు మ్యూజియంకు పోయి మా తాత బిగించిన తలుపు ఇది కాదు, నాలుగు రోజుల కిందట నేర్చుకున్నవాడెవడో బిగించాడు అనుకోవాలా? తప్పుకోండి, తప్పుకోండి."

మా నాన్న ఆయనకు మూడడుగుల దూరంలో ఉన్నాడు. ఒక్క మాట చాలు. ఆగరా అంటే చాలు. దగ్గినా చాలేమో. నాన్న దగ్గలేదు. పేకాట బల్ల దగ్గర ఎలా కూర్చుంటాడో అలా, మొహంలో ఏమీ లేకుండా నిలబడి, ఓటిస్‌ను చూస్తూ ఉన్నాడు. గ్రహించుకోవాలి మరి. ఓటిస్ తలుపును చూస్తున్నాడు.

ఎనిమిది నిమిషాలు. అంత అందంగా పని చేసే చేతుల్ని నేను మళ్లీ చూడలేదు. కీలు వదులు చేసి, తలుపును భుజంతో అర అంగుళం లేపి, రెండు దెబ్బలు కొట్టి, బిగించి, అరచేత్తో చరిచాడు. చప్పుడు విని తృప్తిగా తలూపాడు. మళ్లీ నీళ్లు కొట్టారు. నాన్న లోపల కూర్చున్నాడు. ఆయన చేతిలో సుద్దముక్క ఉంది. ఇంకో గీత గీస్తే అడిగేవాడు లేడు. దిగొచ్చి, తలుపు మీది గీతను తన చొక్కా చేతితో తుడిచేశాడు.

"పొడిగా ఉంది" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరు ఓటిస్‌తో కరచాలనం చేసి ఫొటో తీయించుకున్నాడు. ఓటిస్ రాజులా వంగి నమస్కరించి, నవ్వుతూ మా నాన్న వైపు తిరిగాడు. తిరిగి, నాన్న మొహం చూశాడు. నవ్వు అలాగే ఉండిపోయింది గానీ అందులో మనిషి లేడు.

పార్కింగ్‌లో మా వెనకే పరిగెత్తుకొచ్చాడు. "వెర్న్! ఒరే! నాకా సంగతి తట్టలేదురా. అమ్మతోడు. ఒక్క మాట అనొచ్చు కదరా!"

"ఆటలో మాట్లాడకూడదు" అని నాన్న కారెక్కాడు. అది ఆయన ఓటిస్‌తో నేరుగా మాట్లాడిన ఆఖరి మాట.

ఇక మిగిలిన దారి ఒక్కటే, కంపెనీకున్న వేరే ఫ్యాక్టరీకి బదిలీ. టెనెస్సీలో ఒకటి ఉంది, కారులో పది గంటల దూరం. కానీ బదిలీ అయినవాడు కనీసం ఆర్నెల్లు చెయ్యాలి. మధ్యలో వస్తే బదిలీ చెల్లదు. ఒక్క రోజు కోసం నాన్న ఆర్నెల్లకు సంతకం పెట్టాడు. అమ్మను ఆసుపత్రికి తిప్పడం నాకు వచ్చింది.

జనవరి 8న అక్కడ మొదటిరోజు. కొత్తగా వచ్చినవాళ్లందరినీ ఒక హాల్లో కుర్చీల్లో కూర్చోబెట్టి, నడుము నొప్పి రాకుండా బరువులు ఎలా ఎత్తాలో సినిమా చూపించారట. సాయంత్రానికి మా నాన్నకు ముప్పై ఏళ్లు నిండాయి. మర్నాటి నుంచి సినిమాలో ఏది చెయ్యకూడదన్నారో అది చేయించారు. నీళ్ల గదిలో పనులు అక్కడి సీనియర్లవి. కదిలే కారు కింద నిలబడి, చేతులు పైకెత్తి, పొగగొట్టాలు బిగించే పని ఈయనకు దొరికింది. యాభైకి దగ్గరపడిన మనిషి. గంటకు అరవై కార్లు.

ఆదివారాలు ఫోను చేసేవాడు.

"ఎలా ఉంది నాన్నా?"

"స్వర్గంలా ఉంది. మంచు లేదు. టీలో చక్కెర వెయ్యరిక్కడ, చక్కెరలో టీ వేస్తారు. మమ్మల్ని చూస్తే ఇక్కడివాళ్లకు పరమ ప్రేమ. వచ్చారమ్మా ఉత్తరాది మిడతలు అంటారు."

"భుజం?"

"ఏ భుజం?"

జులైలో తిరిగొచ్చేసరికి కుడిచెయ్యి చెవి దాటి లేవడం లేదు. బీమా ఉంది కనుక డాక్టర్లు ఎంతో శ్రద్ధగా పరీక్షించి, చేసేదేమీ లేదన్నారు. ఆ నవంబరు పదిహేనున తుపాకి భుజానికి ఎత్తబోయి, సగంలో ఆపి, మళ్లీ పెట్టెలో పెట్టేశాడు. అయినా ఏటా ఆ రోజు అడవికి పోయేవాడు. ఫ్లాస్కులో కాఫీ, జేబులో సాసేజ్ ముక్క. సాయంత్రం దాకా చెట్టుకానుకుని కూర్చుని వచ్చేవాడు. అమ్మ మాత్రం ఆ బీమా పుణ్యాన ఇవాళ్టికీ ఉంది. ఒక్క రోజు కోసం ఆయన ఇచ్చుకున్నదానికి అది చాలా మంచి బేరమని నాన్న గట్టిగా అనేవాడు.

ఓటిస్‌తో పదిహేడేళ్లు మాటల్లేవు. ఊరు ఖాళీ అయిపోయింది, ఫ్యాక్టరీ పడగొట్టి గడ్డి పెంచారు. పొద్దున్నే తెరిచే హోటలు ఒక్కటే మిగిలింది. కనుక ఇద్దరూ అక్కడికే వచ్చేవారు. వీపులు ఆనుకునేలా రెండు బల్లల దగ్గర కూర్చునేవారు. ఏదన్నా చెప్పాలంటే వడ్డించే లూఅన్‌కు చెప్పేవారు, గట్టిగా.

"లూఅన్, నాకు గుడ్లు తొందరేం లేదు. కొంతమంది ఎనిమిది నిమిషాల్లో పని ముగించి ఊరిని ఉద్ధరిస్తారు. నేనలాంటివాణ్ణి కాను" అనేవాడు నాన్న.

"లూఅన్, దేవుడు కొందరికి నోరు గుడ్లు తినడానికే ఇచ్చాడమ్మా. వాడుకోవడం తెలీదు" అనేవాడు ఓటిస్.

"ఈసారి అడవిలో ఒక జింక నా బూటు వాసన చూసి పోయింది, లూఅన్."

"పాత స్నేహితుడనుకుని ఉంటుంది. జింకలే నయం, వాటినైనా పలకరిస్తాడు."

"మీ ఇద్దరి మధ్యా నలిగి చచ్చేలోపు నేను రిటైరవుతాను" అనేది లూఅన్, ఇద్దరికీ కాఫీ నింపుతూ.

ఒకరు రాని రోజు రెండోవాడు త్వరగా తినేసి వెళ్లిపోయేవాడట. నేను నాన్నతో చాలాసార్లు అన్నాను. ఆయన తప్పేముంది, నువ్వు నోరు విప్పలేదు, ఆయనకు తట్టలేదు, వెళ్లి మాట్లాడు అని. "నాకు కోపం లేదు జనీన్. వాడి పని బాగుంది. వాడిది తప్పని నేనెప్పుడన్నాను?" అనేవాడు. మరి మాట్లాడవేం అంటే కిటికీలోంచి చూసేవాడు. నేను కోప్పడి వచ్చేసేదాన్ని. కుజావాల ఇంట్లో సంభాషణలు సాధారణంగా అలాగే ముగుస్తాయి.

నాన్నను పూడ్చిన మంగళవారం చర్చికి ఓటిస్ అంకుల్ వచ్చాడు. మంచి కోటు, చేతికర్ర. శవపెట్టె దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. కంపెనీ పూలదండ పంపింది, దాని మీది చీటీలో నాన్న పేరు తప్పు రాశారు. ఓటిస్ అంకుల్ ఆ చీటీ చదివి, తీసి, జేబులో పెట్టుకున్నాడు. నేను పక్కకు వెళ్లాను.

"వచ్చినందుకు సంతోషం అంకుల్."

"ఇప్పుడైనా ఏదన్నా అంటాడేమోనని వచ్చానమ్మా" అన్నాడు. తరవాత కర్ర మీద రెండు చేతులూ పెట్టి, పెట్టెతో, "తలుపు నేను నెమ్మదిగా బిగించాల్సిందిరా" అన్నాడు.

నాన్న మొహంలో ఏమీ లేదు.

మూడు వారాల తరవాత అమ్మ పేరున పెన్షన్ మార్పించే కాగితాలు నా మీద పడ్డాయి. మళ్లీ అదే నంబరు, అదే పియానో. కాగితాలతో పాటు నాన్న సర్వీసు వివరాలు రెండు పేజీలు పంపారు. ఏడాదికొక వరస. 2007 పక్కన, టెనెస్సీ ఆర్నెల్లకు, ఒక చిన్న అంకె ఉంది. 2006 పక్కన పూర్తి ఏడాది అని ఉంది. అచ్చుతప్పు అనుకుని మళ్లీ ఫోను చేశాను. ఈసారి పలికినావిడ మెత్తని మనిషి. ముందుగా సానుభూతి చెప్పింది.

"ఆ ఏడాది నవంబరు పద్నాలుగుకే ఫ్యాక్టరీ మూసేశారండీ. పూర్తి ఏడాది ఎలా అవుతుంది?"

"అవుతుందండీ. ఏ క్యాలెండరు సంవత్సరమైనా పదిహేడు వందల గంటలు పని చేస్తే పెన్షన్‌కు పూర్తి ఏడాది కింద లెక్క."

"మరి చేరిన తేదీ?"

"అది ఫ్యాక్టరీలో వరసకు మేడమ్, ఎవరు ముందు, ఎవరు వెనక అని. పెన్షన్‌కు గంటలే. 1977 నుంచి 2006 దాకా ఆయనకు ముప్పై పూర్తి ఏళ్లూ ఉన్నాయి. మొదటి నుంచీ అంతే. ఆయన ఎప్పుడైనా అడిగి ఉంటే ఎవరైనా చెప్పేవాళ్లు."

ఆయన అడిగింది తేదీ గురించి. వాళ్లు జవాబిచ్చింది తేదీ గురించే. ముప్పై ఏళ్లు వరసలో నిలబడినవాళ్లకు వరస కాకుండా ఇంకో లెక్క ఉంటుందని తట్టదు.

"2006లో ఆ గంటలు ఎప్పుడు పూర్తయ్యాయో చెప్పగలరా?" అన్నాను.

ఆవిడ కీబోర్డు మీద టకటక కొట్టింది. అక్టోబరు 13, అంది.